తమ్ముడు నెలనెలా 3,000 వేస్తాడు, ఒక్క ముక్క రాయడు. ఇప్పుడు రొట్టెల పండక్కి రమ్మంటున్నాడు

కాజాలు_హుక్కులు (నెల్లూరు)

అందరికీ నమస్తే. రెండేళ్లుగా ఇక్కడ చదువుతున్నాను గానీ రాయడం ఇదే మొదలు. పొడుగవుతుంది, కాస్త ఓపిక పట్టండి.

మాది అల్లూరు వైపు పల్లె. పెళ్లయ్యాక నెల్లూరు వచ్చేశాను. ఇంట్లోనే జాకెట్లు కుడతాను. మా ఆయనకు స్టోన్‌హౌస్‌పేటలో పైపులు, మోటార్ల కొట్టు. ఒక పాప, తొమ్మిదో తరగతి.

నాకు ఒక్కడే తమ్ముడు, ఆరేళ్లు చిన్న. నాయన పోయినప్పుడు వాడు ఇంటర్ చదువుతున్నాడు. 2021లో మూడెకరాల చెరువు గుంట కౌలుకు తీసుకుని వనామీ రొయ్య వేస్తానన్నాడు. రొయ్య పిల్లకు, మొదటి నెల మేతకు డబ్బు చాలలేదు. ఊళ్లో అడగాల్సిన వాళ్లనందరినీ అప్పటికే అడిగేశాడు. ఆ రోజు మా ఇంటికొచ్చి మజ్జిగ తాగి, పాపతో కాసేపు క్యారమ్స్ ఆడి, గుమ్మంలో చెప్పులేసుకుంటా "అక్కా, నీ దగ్గరేమన్నా..." అని ఆగిపోయాడు. మిగతాది నేను అననివ్వలేదు. లోపలికెళ్లి తెచ్చిచ్చా. రెండు పేటల గొలుసు, నాలుగు గాజులు, మొత్తం 9 సవర్లు. గొలుసు మా అమ్మది. గాజులు మాత్రం నేను జాకెట్లు కుట్టిన డబ్బుతో చీటీ కట్టి చేయించుకున్నవి. ఒక్కో గాజుకూ ఎన్ని జాకెట్లో ఇప్పటికీ చెప్పగలను.

మా ఆయనకు చెప్పలేదు. చెబితే వద్దంటాడని తెలుసు. నా పేరు మీద తాకట్టు పెడితే మెసేజ్‌లు ఇంట్లో ఫోనుకు వస్తాయని, "నీ పేరు మీదే పెట్టుకోరా" అని నేనే అన్నా. 2 లక్షల 20 వేలు ఇచ్చారు. ఆర్నెల్లలో విడిపించి తెచ్చిస్తానన్నాడు.

మొదటి పంట ఏదో గట్టెక్కింది, వడ్డీ కట్టాడు. రెండో పంటకు తెల్ల మచ్చ జబ్బు కొట్టింది. మూడోసారీ అంతే.

2023 ఫిబ్రవరిలో మా పాపకు ఓణీల ఫంక్షన్ పెట్టుకున్నాం. మేనమామ ఓణీ తేవాలి, మేనమామ అక్షింతలు వెయ్యాలి. నేను రెండుసార్లు ఫోన్ చేశా, ఎత్తలేదు. అమ్మతో చెప్పి పంపా. రాలేదు. ఆ పూట పీటల మీద పాపను కూర్చోబెట్టి, మేనమామ వరసయ్యే వేరే ఆయన చేత కానిచ్చాం. ఫొటోల్లో ఆయనే ఉంటాడు. ఆల్బం తీసిన ప్రతిసారీ పాప ఆ పేజీ గబగబా తిప్పేస్తుంది.

తరవాత నెలలో, ఒక మధ్యాహ్నం జాకెట్‌కు హుక్కులు కుడుతుంటే అమ్మ ఫోన్ చేసింది. మాటల్లో మాటగా "ఆ గొలుసు ఉండుంటే ఈసారి పాప మెళ్ళో వేసేవాళ్లం" అంది. ఉండుంటే ఏంది అన్నా. "వేలం వేసేసి ఆర్నెల్లయింది కదే, నీకు తెలీదా?" అంది. సూది అట్టనే పట్టుకుని ఉన్నా. అమ్మకు తెలుసు, మరదలికి తెలుసు, మరదలి పుట్టింటోళ్లకు తెలుసు. వస్తువు నాది. నాకు తప్ప ఊరందరికీ తెలుసు.

అప్పటినించీ మాటల్లేవు. కావలిలో ఒక పెళ్లిలో ఎదురుపడ్డాం. వాడు ఒక బంతిలో కూర్చుంటే నేను తరవాతి బంతిలో కూర్చున్నా.

ఈ ఫిబ్రవరి 15న నా ఫోన్‌కు 3,000 వచ్చింది. పంపింది వాడు. పక్కన ఏమీ రాయలేదు. మార్చి 15న మళ్ళీ. ఇప్పటికి అయిదు నెలలు, 15 వేలు. కోట ఊరి వైపు ఎవరివో గుంటల మీద జీతానికి చేరాడని అమ్మ చెప్పింది, 22 వేలంట. డబ్బు వచ్చిన చప్పుడు వింటే నాకు సంతోషం రాదు, ఒళ్లు మండుతుంది. డబ్బు వేసే వేలికి రెండక్షరాలు కొట్టడం బరువా?

మొన్న మెసేజ్ పెట్టాడు. "అక్కా, రొట్టెల పండక్కి వస్తున్నా. చెరువు కాడికి వస్తావా." అంతే. దర్గా పక్క చెరువులో దిగి, కోరికకో రొట్టె ఇచ్చి పుచ్చుకునే పండగ. చిన్నప్పుడు అమ్మ మమ్మల్ని ఏటా తీసుకొచ్చేది. నీళ్లల్లోకి దిగేది నేనూ అమ్మా, చెప్పులు కాపలా కాసేది వాడు.

మా వాళ్లందరిదీ ఒకటే మాట, పోనీలే, తోబుట్టువు కదా అని. పోయింది నాది. పోనీలే అనేది మాత్రం అందరూ. వాడు "తప్పయిందక్కా" అని నోరు తెరిచి అనకుండా నేను వెళ్లి నిలబడితే, ఏమీ జరగనట్టే కదా? లేకపోతే మన ఇళ్లల్లో ఇట్టనే ఉంటుందా, నేనే ఎక్కువ ఆశిస్తున్నానా? క్షమించు అనే మాట మా ఇంట్లో ఎవరూ ఎవరితోనూ అన్నట్టు నాకు గుర్తు లేదు. కొట్లాడాక "అన్నం తిన్నావా" అంటారు. అదే సారీ, అదే పర్లేదు.

వెళ్ళాలా వద్దా?

గెలాక్సీ_రాయి (చీమకుర్తి)

చెల్లెమ్మా, బాధగా ఉంటుంది గానీ సూటిగా చెబుతా. పండక్కి వెళ్లు, వెళ్లకపో, అది నీ ఇష్టం. కాయితం సంగతి ముందు చూసుకో.

ఒకటి. బంగారం వేలం వేస్తే అసలు, వడ్డీ, ఖర్చులు పోను మిగిలింది అప్పు తీసుకున్నవాళ్లకు తిరిగి ఇవ్వాలి. ఇది రూలు. 9 సవర్లు, అంటే 72 గ్రాముల మీద 2.20 లక్షలు తీసుకున్నారు. 2022 నాటికి గ్రాము రేటు అప్పటికన్నా పెరిగింది. ఎంతో కొంత మిగిలే ఉంటుంది. అది అతని పేరు మీదే వచ్చుంటుంది. ఎంత వచ్చింది, ఏమైంది అని ఎవరన్నా అడిగారా?

రెండు. ఇప్పుడన్నా ప్రోనోటు రాయించుకో. రెవెన్యూ స్టాంపు అంటించి సంతకం పెడితే చాలు. రాసిన తేదీ నుంచి మూడేళ్లు చెల్లుతుంది. ఈలోపు ఎంత కట్టినా నోటు వెనక చెల్లు రాసి అతని చేత సంతకం పెట్టించు, ఆ తేదీ నుంచి మళ్ళీ మూడేళ్లు. ఆ 15 వేలకు ఈ రోజున ఏ లెక్కా లేదు. రేపు "నేను పాప పుట్టినరోజుకు వేశా" అంటే నువ్వేం చూపిస్తావు?

తోబుట్టువుల మధ్య కాయితం ఏంటి అనేవాళ్లు వస్తారు చూడు. మా క్వారీ దగ్గర నేను చూసిన తగాదాల్లో సగం, ఆ మాట అన్నవాళ్లవే.

గుంటగట్టు (విడవలూరు)

అక్కా, నేనూ గుంటలోడినే. మీ తమ్ముడి తరపున మాట్లాడటం లేదు, ఆ పూట ఎట్టా ఉంటుందో మాత్రం చెబుతా.

పిల్ల వేసి 50, 55 రోజులు. అప్పటికి మేత బాకీ నెత్తి మీద లక్షల్లో ఉంటుంది, ఎందుకంటే మేత అప్పు మీదే వస్తుంది. రోజూ పొద్దున చెక్ ట్రే, అంటే మేత ఎంత తిన్నాయో చూసే పళ్లెం, ఎత్తి చూస్తాం. మేత మిగిలిందంటే గుండె జారుతుంది. ఆ సాయంత్రానికి రొయ్యలు నడి గుంటలో ఉండకుండా గట్టు వారకు వచ్చేస్తాయి. ఒకదాన్ని పట్టుకుని తల పెంకు ఒలిచి ఎండకేసి చూస్తే లోపల తెల్ల చుక్కలు. ఇంక మందు లేదు. మూడు నాలుగు రోజుల్లో గుంటంతా పోతుంది. ఆ రాత్రే వల వేసి కిలోకు 100 తూగే చిన్న రొయ్యో, 120 తూగేదో, ఏదుంటే అది పట్టేసి ఎంతొస్తే అంతకు అమ్ముకోవాలి. కొనడానికి వచ్చినోడికీ తెలుసు మనం ఎందుకు పడుతున్నామో.

ఆ రోజు నేను ఎవరికీ ఫోన్ చెయ్యలేదు. మా ఆవిడకు కూడా. రెండు రోజులు ఫోన్ తీసి మోటారు షెడ్డులో పడేశా. చెప్పకపోవడం తప్పే అక్కా. తప్పు కాదనడం లేదు. కానీ మిమ్మల్ని లెక్కచెయ్యక చెప్పలేదని మాత్రం అనుకోవద్దు.

నైట్_డ్యూటీ (ఒంగోలు)

కాజాలు గారూ, నేను నర్సును. రాత్రి డ్యూటీలో రెండుసార్లు చదివాను మీది. మూడు సంగతులు.

మీ బాధ బంగారం పోయిందని కాదని నాకనిపిస్తోంది. అది పోయిన సంగతి వాడి నోటితో వినలేదని. మీరు రాసినదాంట్లో బంగారం గురించి నాలుగు వాక్యాలున్నాయి, "నాకు తప్ప అందరికీ తెలుసు" దగ్గర మాత్రం చెయ్యి ఆగింది. కాబట్టి "తప్పయింది" అనే ఒక్క ముక్క కోసం వెళ్లకండి. ఆ ముక్క అనడం తేలిక. నా డ్యూటీలో రోజుకు పదిమంది అంటారు, చెయ్యి తీసేలోపు మళ్ళీ అదే పని చేస్తారు. ఏం జరిగిందో మొదట్నుంచి చెప్పమనండి. తారీకులతో సహా. మధ్యలో మీరు మాట్లాడకండి. అది కష్టం, తెలుసు.

రెండోది, ఓణీల ఫంక్షన్‌కు మీరు చేసిన రెండు ఫోన్లు. అవి దేనికని మీ తమ్ముడు అనుకున్నాడో మీకు తెలుసా? అప్పటికి వేలం అయ్యి అయిదు నెలలు. మీకు తెలియదు. మీకు తెలియదని అతనికి తెలుసా?

మూడోది రాయాలా వద్దా అని ఆలోచించాను. మీ ఆయనకు ఇప్పటికీ తెలియదు కదా. నాలుగేళ్లయింది. ఆ 9 సవర్లు బీరువాలోనే ఉన్నాయని ఆయన అనుకుంటూ ఉండి ఉంటారు. నెలకు 3,000 వస్తున్న సంగతీ తెలియదు. మీ తమ్ముడు మీకు ఏం చేశాడో, మీరు ఆయనకు అదే చేస్తున్నారు. కోపం తెచ్చుకోకండి.

ఇంకో చిన్న మాట, అమ్మను పోస్ట్‌మన్ చెయ్యకండి. పెద్దవాళ్లు సగం చెబుతారు, సగం వాళ్లే కలుపుతారు.

కాజాలు_హుక్కులు

నైట్ డ్యూటీ గారూ, కోపమే వచ్చింది. నిన్న రాత్రి చదివి ఫోన్ బోర్లా పెట్టేసి పడుకున్నా.

నాదీ వాడిదీ ఒకటి కాదండీ. నేను మా ఆయన డబ్బు తీయలేదు. గాజులు నా కష్టం, గొలుసు మా అమ్మది. ఆయనకు చెబితే కొట్టు మూసి మా ఊరెళ్లి గొడవ పెట్టుకునేవాడు. అందరూ ఇంటి పరువు పోకుండా కొన్ని దాస్తారు.

ఇది రాసి చదువుకుంటే మా తమ్ముడు రాసినట్టే ఉంది. అయినా తీసెయ్యడం లేదు.

గెలాక్సీ అన్నా, మిగులు డబ్బు సంగతి నాకు తట్టనే లేదు. ఇప్పుడు అది వేరే మంట. నోటు మాత్రం రాయించుకోలేను. వాడు రాస్తాడు, సందేహం లేదు. ఆ చేతికి అక్షరాలు దిద్దించింది నేనే.

గుంటగట్టు తమ్ముడూ, ఎండకేసి చూడటం చదివి కాసేపు ఏమీ కుట్టలేకపోయాను.

బారెన్_పెద్దాయన (కొండపి)

అమ్మాయ్, నీ రాతలో "అన్నం తిన్నావా అంటారు, అదే సారీ" అన్నావే, ఆ మాట పట్టుకుని రాస్తున్నా. నా వయసు 67. టైపు మా మనవడు చేస్తున్నాడు, తప్పులుంటే వాడివి.

మా అన్నదమ్ములిద్దరిదీ ఒకే పొగాకు బారెన్, అంటే ఆకును మంట వేడికి ఆరబెట్టే కొట్టం. లైసెన్సు అన్న పేరు మీద. ఆకు ఇద్దరిదీ. కర్రలకు ఆకు అల్లి, బారెన్‌కు ఎక్కించి, వారం రోజులు పగలూ రాత్రీ వంతులేసుకుని మంట చూసేవాళ్లం. రాత్రి వంతు నాది. బేళ్లు కట్టి వేలం కేంద్రానికి తోలితే డబ్బులు అన్న ఖాతాలో పడేవి, ఇంటికొచ్చి పంచుకునేవాళ్లం. చాలా ఏళ్లు అట్టా జరిగింది.

ఒక ఏడాది నా లెక్కలో 14 బేళ్లు తగ్గాయి. తోలింది నాకు తెలుసు, గుర్తేసి తోలా. డబ్బు రాలేదు. అన్నను అడగొచ్చు. నేను అడగలా. "అన్నయ్యను లెక్క అడుగుతావా" అంటారని. ఆయనా చెప్పలా. ఆ మరుసటేడు నేను బారెన్ నుంచి బయటికొచ్చేశా. తొమ్మిదేళ్లు మాటల్లేవు. ఒకే బజారు, ఎదురెదురు ఇళ్లు. ఆయన గొడ్డు ఈనితే జున్నుపాలు ఊరంతా పంచేవాళ్లు, మా ఇంటికి మాత్రం రావు.

తరవాత చిన్నమ్మాయి పెళ్లికి మా ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టారు. ఆయన నా విస్తట్లో చూసి "వంకాయ తక్కువేశారు, వీడికి వెయ్యండి" అన్నాడు. వేశారు. తిన్నా. కలిసిపోయారు అన్నారు అంతా. మా ఆవిడ ఏడ్చింది కూడా.

ఇది జరిగి పదేళ్లు. రోజూ అరుగు మీద కూర్చుంటాం. వాన మాట, రేటు మాట, మోకాళ్ల మాట. ఆ 14 బేళ్ల మాట ఇంతవరకూ రాలా. వేలంలో కొనేవాళ్లు లేక ఆ బేళ్లు తిరిగొచ్చాయనీ, అన్న తక్కువకు ఎవరికో తోసేశాడనీ, ఆ సిగ్గుతో చెప్పలేదనీ వేరేవాళ్ల ద్వారా విన్నా. నిజమేనేమో. కాదేమో. ఆయన్ని అడిగితే ఒక్క నిమిషం పని. ఈ వయసులో ఇప్పుడు అడిగితే, పదేళ్లు పక్కన కూర్చుని మనసులో ఇదే పెట్టుకున్నావా అంటాడు. నిజంగానే పెట్టుకున్నా. అరుగు మీద ఆయన సరదాగా ఏదన్నా లెక్క తప్పు చెప్పినా నాకు ఆ 14 గుర్తొస్తుంది.

అందుకని నువ్వు వెళ్లు. వెళ్లి మాత్రం వంకాయ కూరతో సరిపెట్టుకోవద్దు. పనిలో పనిగా అడిగెయ్యి. ఆలస్యం అయ్యేకొద్దీ అడగడం కష్టమవుతుంది, తేలికవదు.

(మా మనవడు "తాతా, నువ్వూ వెళ్లి అడగొచ్చు కదా" అంటున్నాడు. వాడికేం తెలుసు.)

కాజాలు_హుక్కులు

ఏమైందో చెబుతానని అనుకున్నా, చెప్పకపోతే బాగుండదు. పండక్కి వెళ్లొచ్చి వారం దాటింది.

పండక్కి ముందు రోజు రాత్రి మా ఆయనకు చెప్పేశా. నైట్ డ్యూటీ గారి మాట మింగుడు పడలేదు గానీ, బయటికీ పోలేదు. అన్నం పెట్టాక చెప్పా, తినకముందు చెబితే తినడని. మొదట్నుంచి తారీకులతో చెప్పా. ఆయన మధ్యలో ఒక్కసారే అడిగాడు, "ఎన్ని సవర్లు?" అని. అంతా అయ్యాక చెయ్యి కడుక్కొచ్చి, "నేను వద్దంటానని నువ్వే అనుకుని, నువ్వే భయపడి, నువ్వే దాచావు. నన్ను అడిగిందెప్పుడు?" అన్నాడు. అరవలేదు. అరిచుంటే నేనూ నాలుగు అనేదాన్ని. దిండు తీసుకుని హాల్లోకి పోయాడు.

పొద్దున్నే నేనూ పాపా చెరువు కాడికి వెళ్లాం. జనం మీకు తెలిసిందే. బారికేడ్లు, మైకులో తప్పిపోయిన పిల్లల పేర్లు, తడిసిన చీరలు. "ఉద్యోగం రొట్టె, ఉద్యోగం రొట్టె" అని ఒక పక్క, "పెళ్లి రొట్టె" అని ఇంకో పక్క, వీసా రొట్టె దగ్గరైతే ఇంజినీరింగ్ పిల్లలు క్యూ. ఆరోగ్యానికుంది, చదువుకుంది, ఇంటికుంది. మాట్లాడుకోవడానికి మాత్రం ఇంకా ఎవరూ రొట్టె పెట్టలేదు.

వాడు దర్గా వైపు గోడ దగ్గర నిలబడి ఉన్నాడు. చిక్కిపోయాడు, ఎండకు నల్లగా మాడిపోయాడు. పాపను చూసి చెయ్యి ఎత్తబోయి దించేశాడు. పాప వెళ్లి పక్కన నిలబడింది. దానికెవరూ ఏమీ నేర్పలేదు.

నేను "తిన్నావా" అనబోయి ఆగా. పెద్దాయన గారూ, మీ వంకాయ కూర గుర్తొచ్చింది, ఒట్టు. "చెప్పు" అన్నా.

జేబులోంచి పాలిథిన్ కవరు తీశాడు. లోపల వేలం నోటీసు. మడతల దగ్గర చిరిగిపోతే వెనక ప్లాస్టర్ టేపు వేసుంది. అదెందుకు దాచుకున్నాడో నేను అడగలేదు. గట్టు మీద కూర్చుని మొదలుపెట్టాడు. రెండో పంట, మూడో పంట, మేత బాకీ, నోటీసు వచ్చిన రోజు. వేలం అయ్యాక అమ్మకు చెప్పి, "అక్కకు నువ్వే చెప్పమ్మా" అన్నాడంట. అమ్మ సరే అంది. అమ్మకేమో వాడే చెప్పుకుంటాడులే అని. వాడికేమో అమ్మ చెప్పేసుంటుందని. ఇంక నేను ఫోన్ చేస్తే, నగల గురించి అడగడానికే అనుకుని ఎత్తలేదు. ఓణీల ఫంక్షన్ సంగతి అమ్మ చెప్పేసరికి ముందు రోజు సాయంత్రం. "నగలు పోగొట్టి ఓణీ పట్టుకుని ఎట్టా వచ్చేదక్కా. నీకు తెలుసనుకున్నా. అందరి ముందు నువ్వేమన్నా అంటే పాప ఫంక్షన్ పాడవుద్ది అనుకున్నా." ఓణీ కొన్నాడంట అప్పటికే. మరదలి దగ్గర ఉందంట.

మిగులు డబ్బు గురించి అడగాలని నోట్లో పెట్టుకుని కూర్చున్నా. అడిగే పని లేకుండా వాడే అన్నాడు. "31 వేల 400 తిరిగొచ్చాయక్కా. జనరేటర్ డీజిలు బాకీ వాడు ఇంటి మీదికొస్తే అవి కట్టేశా. ఇది అమ్మకు కూడా తెలీదు."

ఇది చదివేవాళ్లు అక్కడ నా మనసు కరిగిందనుకుంటారేమో. కరగలేదు. చెంప మీద ఒకటి కొట్టాలనిపించింది. "అవి నా డబ్బులు రా" అన్నా, కొంచెం గట్టిగానే. పక్కన రొట్టె చేత్తో పట్టుకున్నావిడ తిరిగి చూసింది. వాడు "అవునక్కా, నీవే" అన్నాడు. ఇంకేం సాకు చెప్పలేదు. కాసేపటికి నాకు తెలిసింది, రెండేళ్లలో మొదటిసారి వాడి గురించి ఇంకొకరి దగ్గర వినాల్సింది ఏమీ మిగల్లేదని. ఊపిరి కొంచెం తేలికగా వచ్చింది. అంతవరకే.

తప్పయింది అన్నాడా అని అడుగుతారు. అన్నాడు, కానీ దేనికి అన్నాడో చెబుతా. నగలకు కాదు, ఫంక్షన్‌కు. నాకు కూడా కాదు. పాపకు చెప్పాడు. అది "సర్లే మామా, నాకు నీరసంగా ఉంది, ఐస్‌క్రీమ్ కొనిపెట్టు" అంది.

గెలాక్సీ అన్నా, నోటు అడగలేదు. కాకపోతే వాడే ఒక 40 పేజీల పుస్తకం కొనుక్కొచ్చాడు. మొదటి పేజీలో 2,20,000 వేసి, దాని కింద 31,400 వేసి, పక్కన అయిదు చెల్లులూ తారీకులతో రాశాడు. సంతకం పెట్టి నా చేతికిచ్చాడు. నేను వద్దనలేదు. తీసుకుని కుట్టు మిషను సొరుగులో పెట్టా. ఇంకోసారి అప్పు అడిగితే ఇవ్వనని కూడా అక్కడే చెప్పా. అడగనన్నాడు. చూద్దాం.

మా ఆయన మాత్రం నాతో మాట్లాడటం లేదు. అంతా పాప మీదుగానే. "మీ అమ్మను అడుగు, చట్నీలో ఉప్పేసిందా అని." అవతలివాళ్లు ఎప్పుడు దిగొస్తారా అని ఎదురుచూడటం ఎట్టా ఉంటుందో ఇప్పుడు తెలుస్తోంది. తలుపు ఎటు తీసినా తప్పు చేసినదానిలాగే అనిపిస్తుంది. మధ్యలో ఒకసారి, ఇన్ని రోజులు సాధించడం ఏంటి అని నాకే కోపం వచ్చింది. అప్పుడు లెక్కేసుకున్నా. మా తమ్ముడితో నేను మాట్లాడంది రెండేళ్ల నాలుగు నెలలు.

నిన్న 15. పొద్దున 3,000 వచ్చింది. ఈసారి పక్కన రాశాడు, "జులైది. గుంట 40వ రోజు. మేత బాగా తింటున్నాయి." ఫోన్ తీసుకెళ్లి మా ఆయన ముందు పెట్టా. పేపరు పక్కన పెట్టి, కళ్లద్దాలు వెతుక్కుని, చదివాడు.

"40 రోజులకే ఏం తెలుస్తుంది. 60 దాటితే అప్పుడు చెప్పమను" అన్నాడు. పాప స్కూలుకు వెళ్లిపోయింది, ఇంట్లో ఉన్నది మేమిద్దరమే.

రాత్రి మళ్ళీ హాల్లోనే పడుకున్నాడు.

బారెన్_పెద్దాయన (కొండపి)

అమ్మాయ్, చదివించుకున్నా. మనవడు ఇంకోసారి చదివాడు. సాయంత్రం అరుగు మీద అన్నను అడుగుదామని కూర్చున్నా. వాన మొదలైంది, ఆయన లేచి గొడ్లను కట్టెయ్యడానికి పోయాడు. రేపు చూడాలి.